డూప్లికేట్ కాదు తమ్మీ, డయల్ ఒక్కటే మారింది

తమ్మీ, నువ్వు అడిగినవి రెండు. మీ తాత పెట్టుకున్న స్విట్జర్లాండ్ వాచీ ఒమేగా కాన్‌స్టెలేషన్‌ను హైదరాబాద్‌లో ఒక వ్యాపారికి చూపిస్తే "ఇది ఒమేగానే కాదు, ముక్కలు కలిపి చేసింది" అని చెప్పి తీసిపారేసినట్టు ధర అడిగిండు, అది నిజమేనా అన్నది ఒకటి. ముంబై నుంచి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన నీలం డయల్ రోలెక్స్ ఆయిస్టర్‌డేట్ కొనొచ్చా అన్నది రెండోది. మూత తీయించి మిషన్ (లోపల నడిపించే యంత్రం) ఫొటో, మూత లోపలి ఫొటో కూడ పెట్టినవ్ కాబట్టి మొదటిదానికి గట్టిగ జవాబు చెప్పగలుగుత.

మీ తాత వాచీ అసలుదే. మిషన్, కేసు (బయటి లోహపు డబ్బా) ఒకదానికొకటి సరిగ్గ కుదిరినయ్. డయల్ మాత్రం ఎప్పుడో మళ్లా రంగేయించింది. ఆ వ్యాపారి పూర్తిగ అబద్ధం ఆడలేదు, గోరంతను కొండంత చేసిండు. బేరం తగ్గించెతందుకు అది పాత పద్ధతే. రోలెక్స్ సంగతి: ఇప్పుడున్న ఫొటోల మీద మాత్రం కొనకు. ఎందుకో కింద చెప్త.

పాత వాచీని పట్టుకుని "అసలా, నకిలా" అని అడిగితే సరైన జవాబు రాదు. మిషన్, కేసు, డయల్, ముళ్లు, క్రౌన్ (పక్కన కీ తిప్పే బొత్తం), గ్లాసు, చైన్, ఇవన్నీ విడివిడిగ మారేవి. అరవై ఏండ్లు చేతికి ఉన్న వాచీలో ఏదీ మారకుండ ఉండుడే అరుదు. కాబట్టి మనం చూడాల్సింది ఏవేవి కలిసి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినయ్, ఏవి మధ్యలో చేరినయ్, చేరినవాటి బరువెంత అని. గ్లాసు మారితే ఎవరూ పట్టించుకోరు. క్రౌన్ మారితే కొంచెం కోత. ముళ్లు మారితే ఇంకొంచెం. డయల్ మారితే పెద్ద దెబ్బ, ఎందుకంటే కొనేటోడు రోజూ చూసేది దాన్నే. మిషన్ మారితే అది ఇగ వేరే వాచీ కింద లెక్క.

మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఇండ్లలో బయటపడే వాచీలు మోసంతోటి పాడైనవి తక్కువ, ప్రేమతోటి పాడైనవి ఎక్కువ. పెండ్లిలో అల్లునికి సైకిలు, రేడియో, వాచీ పెట్టిన రోజులు అవి. ఇరవై ఏండ్లకు డయల్ పచ్చబడ్తది, చుక్కలు పడ్తయ్. కొడుకు పెండ్లి దగ్గరికొస్తది. గడియారం సెంటర్‌లో బల్లేసుకుని కూసున్న రిపేరాయన "దీన్ని కొత్తగ చేయించిస్త" అంటడు. డయల్ హైదరాబాదో బొంబాయో పోయి తళతళ మెరుసుకుంట తిరిగొస్తది. కేసుకు పాలిష్ కొట్టిస్తరు. ఇంటిల్లిపాది సంబరపడ్తరు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ తప్పనుకోలేదు, మెకానిక్ కూడ మంచిపనే చేసిన అనుకున్నడు. తెలిసి చేసే మోసం వేరే ఉన్నది, ముంబైలో దాన్ని ఒక కుటీర పరిశ్రమ లెక్కనే నడుపుతరు, దానికి కూడ వస్త. మీ తాత వాచీ మాత్రం మొదటి రకం.

ఇప్పుడు నీ ఫొటోలు. మిషన్ ఫొటోను జూమ్ చేసి చూడు. ఎర్రరాగి ఛాయ ఉన్న మెరుపు అన్ని పలకల మీద ఒక్కతీరుగ ఉన్నది. ఒక పలక ఎర్రగ, పక్కది పచ్చగ ఉంటే రెండు మిషన్లను కలిపి ఒకటి చేసిన్రని అనుమానపడాలె. నీదాంట్లో అట్ల లేదు. దాని మీద 561 అని కాలిబర్ నంబర్ (మిషన్ రకం నంబర్), 24 జ్యూయెల్స్ (అరుగుదల ఆపే చిన్న రాళ్లు) అని, ఐదు పొజిషన్లకు, టెంపరేచర్‌కు సరిచేసినట్టు ఇంగ్లీషులో చెక్కి ఉన్నది. ఇక్కడే అసలు కీలకం. 561 అంటే తేదీ ఉన్న క్రోనోమీటర్ ఆటోమేటిక్. టైము తప్పదని పరీక్ష పాసైనదాన్నే క్రోనోమీటర్ అంటరు. దానికి జోడీగ 562 అని ఇంకోటి ఉంటది, అదీ 24 జ్యూయెల్సే, చూపుకు అచ్చం అట్లనే ఉంటది, కానీ క్రోనోమీటర్ గ్రేడు కాదు. ఒమేగాదే ఇంకో రకమైన సీమాస్టర్లలో వేసేది దాన్ని. తేదీ లేనివాటిలో 551కి, 552కి కూడ ఇదే తేడా. 1960లలో ఆటోమేటిక్ కాన్‌స్టెలేషన్ అంటేనే క్రోనోమీటర్. డయల్ మీద "క్రోనోమీటర్ అఫీషియల్లీ సర్టిఫైడ్" అని రాసుకుని లోపల 552నో 562నో పెట్టుకున్న వాచీలు బజార్లో మస్తుగ తిరుగుతయ్. సీమాస్టర్‌కు కాన్‌స్టెలేషన్ ముఖం తగిలించి అమ్ముతరు. పైన పటారం, లోన లొటారం అంటే అదే. మీ తాతది అట్ల కాదు.

మూత తీయకుండ కూడ ఒక చిన్న పరీక్ష చెయ్యొచ్చు. క్రౌన్‌ను చివరిదాకా గుంజినప్పుడల్లా తేదీ ఒక్కొక్కటి టక్కున దూకితే అది తర్వాత వచ్చిన 564 తరహా మిషన్. 561లో ఆ సౌకర్యం లేదు, ముళ్లను పన్నెండు దాటించుకుంటనే తేదీ మార్చాలె. అమ్మేటోడు "561" అంటడు, తేదీ దూకుతది, అప్పుడు ఆయనకే తెల్వదని నీకు తెలుస్తది.

ఇగ నంబర్. నీ మిషన్ మీద ఎనిమిది అంకెల నంబర్ 20తో మొదలైతున్నది. ఒమేగా నంబర్లు వరుసగ పెరుగుకుంట పోయినయ్. కోటిన్నర దాటింది సుమారు 1956లో, రెండు కోట్లు దాటింది 1963 చుట్టుపక్కల. మూత లోపల 168.005 అని రెఫరెన్స్ (మోడల్ నంబర్) ఉన్నది. ఈ చుక్క పెట్టి రాసే ఆరంకెల పద్ధతి 1960ల మొదట్లో వచ్చింది, 168.005లో 561 వేసిన సంగతి అందరికీ తెలిసిందే. అంటే కేసు చెప్పేది, మిషన్ చెప్పేది ఒకటే కాలం.

మీ ఇంట్లో చెప్పుకునే కథ ఏంది? మిర్యాలగూడలో రైస్‌మిల్లు పెట్టినంక, సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చిన ఏడు బొంబాయి పోయి కొన్నడని. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మిషన్ 1963ది. నాలుగేండ్ల తేడా ఉన్నది కదా అని భయపడకు. ఖరీదైన వాచీ దుకాణం అద్దాల బీరువాలో ఏండ్ల తరబడి ఉండుడు మామూలే, చేతులు మారి కూడ వచ్చి ఉండొచ్చు. మిషన్ కొన్న సంవత్సరం కంటే ముందుదైతే ఫర్వాలేదు. తర్వాతదైతేనే కథలో తప్పున్నట్టు.

వెనక మూత బయట చూడు. గుండ్రటి పతకం మీద అబ్జర్వేటరీ గుమ్మటం, పైన ఆకాశంలో ఎనిమిది నక్షత్రాలు ఉండాలె. కాన్‌స్టెలేషన్‌కు గుర్తు అదే. నీ వాచీలో గుమ్మటం గీతలు సగం అరిగినయ్, నక్షత్రాలు ఐదారే లెక్కకొస్తున్నయ్. చెమటకు, చేతి రాపిడికి కొంత అరుగుతది. కానీ నీదాంట్లో పతకం అంచు కూడ మెత్తబడ్డది, కేసు కొమ్ముల (బెల్టు తగిలించే చోటు) మీద ఉండాల్సిన పదునైన మలుపు కరిగిపోయి గుండ్రంగ అయింది. అంటే పాలిష్ చక్రం మీద ఒకటికి రెండుసార్లు పెట్టిన్రు. ఒకసారి పోయిన లోహం మళ్లా రాదు. ఇగ ముందు ఎవ్వరినీ పాలిష్ చెయ్యనియ్యకు.

ఇంకో జాగ్రత్త. మీ నాయిన దాన్ని అవుసలాయన దగ్గర గీటురాయి మీద గీయించి బంగారం ఎంతుందో చూద్దామంటున్నడని రాసినవ్. వద్దు. అది గట్టి బంగారం కాదు, స్టీలు మీద బంగారు రేకు తొడిగిన కేసు. గీయిస్తే మచ్చ పడుడు తప్ప తెలిసేది ఏమీ లేదు. వాచీ గట్టి బంగారమా కాదా అనేది మూత లోపలి ముద్రలే చెప్తయ్. 18 క్యారెట్ అయితే 750 అనే అంకె, దాని పక్కన స్విట్జర్లాండ్ హాల్‌మార్క్ అయిన స్త్రీ తల ముద్ర ఉంటది. 1995 తర్వాత చేసినవాటికి ఆ తల బదులు సెయింట్ బెర్నార్డ్ కుక్క తల కొడుతున్నరు. అందుకే 1960ల వాచీ అని చెప్పి కుక్క తల ముద్ర చూపిస్తే చెప్పులేసుకుని బయటికి రా. బంగారం రేటు ఎగిరినప్పుడల్లా ఎన్ని మంచి వాచీల కేసులు కరిగించిన్రో తల్చుకుంటే పాణం ఉసూరుమంటది. కరిగించినంక మిగిలిన మిషన్లే తర్వాత వేరే కేసుల్లో చేరి మన కండ్లముందుకొస్తయ్.

ఇప్పుడు డయల్. ఆ కాలం కాన్‌స్టెలేషన్లలో చాలావాటికి డయల్ మధ్యలో చదునుగ ఉండి, అంచుల దగ్గర పన్నెండు పలకలుగ కిందికి వంగుతది, బోర్లించిన తాంబాళం లెక్క. నీదీ అట్లనే ఉన్నది, అంటే రేకు అసలుదే. రంగు, అచ్చు మాత్రం కొత్తవి. నాకు అది పట్టిచ్చింది ఒక్క అక్షరం. ఆరు అంకె కింద "టీ స్విస్ మేడ్ టీ" అని ఉన్నది చూసినవా? ఆ "టీ" అంటే ట్రిటియం. ముళ్ల మీదనో డయల్ మీదనో చీకట్లో మెరిసే ట్రిటియం పూత ఉంటేనే ఆ అక్షరాలు వేస్తరు. నీ వాచీ ముళ్లల్లో మెరుపు పూత వేసెతందుకు గాడి లేదు, గుర్తుల చివర చుక్కలు లేవు. మెరిసేదే లేని డయల్‌కు టీ ఎందుకు? రంగేసిన ఆయన దగ్గర వేరే వాచీకి వాడే అచ్చు ఉంది, దాన్నే దీని మీద గుద్దిండు. అంతే.

దాన్ని పట్టుకుంటే మిగతావి తమకు తామే కనబడ్తయ్. పది రెట్ల భూతద్దం పెట్టి "కాన్‌స్టెలేషన్" అని కలిపిరాత పేరు చూడు. ఫ్యాక్టరీ అచ్చులో సన్నగీత సన్నగనే, లావుగీత లావుగనే ఉంటది, అంచులు తేటగ ఉంటయ్. నీదాంట్లో అన్ని గీతలు ఒకే మందం, ఒకటి రెండు చోట్ల సిరా ఉబ్బింది. అంటించిన లోహపు గుర్తుల మొదట్లో రంగు పైకి ఎగబాకింది, తేదీ కిటికీ లోపలి అంచుకు కూడ తెల్లరంగు అంటింది. ఫ్యాక్టరీలో రంగు ముందు వేసి గుర్తులు తర్వాత బిగిస్తరు కాబట్టి అట్ల కాదు. డయల్ బయటికి తీసినప్పుడు అంచుకు చిన్న ఆకురాయి గాటు కనబడితే అదీ రంగేసినోళ్ల గుర్తే, ఏ దిక్కు పైకి ఉండాల్నో వాళ్లు మరువకుండ పెట్టుకునేది. వెనక గీకి రాసిన అంకెలు చూసి మాత్రం బెదరకు, అవి రిపేరుకు వచ్చినప్పుడు మెకానిక్ రాసుకున్న గుర్తులు కూడ అయ్యుండొచ్చు.

ముళ్లు, డయల్ ఒకదానికొకటి కుదరాలె అనేది అన్ని పాత వాచీలకు వర్తిస్తది. ముళ్లకు మెరుపు పూత ఉండి డయల్‌కు లేకపోతే, లేదా డయల్‌కు ఉండి ముళ్లకు లేకపోతే, ఏదో ఒకటి మారింది.

ఈ మెరుపు సంగతి కొంచెం వివరంగ చెప్త. మన దిక్కు చీకట్లో మెరిసేదాన్నంతా "రేడియం" అంటరు. వాచీల్లో నిజమైన రేడియం వాడింది 1960ల మొదలు దాకానే, ఆ తర్వాత ట్రిటియం, 1990ల చివర నుంచి రేడియోధార్మికత లేని లూమినోవా జాతి పూతలు. ట్రిటియం సగం ఆయుష్షు 12 ఏండ్ల పైచిలుకు మాత్రమే. అంటే 1965 వాచీ మీద ఉన్నదాంట్లో ఇప్పుడు నూటికి మూడు నాలుగు పాళ్లు మిగిలి ఉంటది. అది చీకట్లో మెరవొద్దు. అమ్మేటోడు లైటు ఆర్పి "చూడండి సార్, ఎట్ల మెరుస్తున్నదో" అంటే, ఆ మెరుపే వాచీ మీద సాక్ష్యం. అల్ట్రావయొలెట్ టార్చి కొట్టి చూడు: పాత ట్రిటియం టార్చి పడ్డప్పుడు వెలిగి ఆపినంక క్షణాల్లో చచ్చిపోతది, కొత్త పూత నిమిషాల తరబడి మెరుస్తనే ఉంటది. రేడియం సంగతి ఇంకో రకం. పక్కన కలిపిన రసాయనం మాడిపోయి మెరుపు ఆగుతది కానీ రేడియం మాత్రం అట్లనే ఉంటది, దాని సగం ఆయుష్షు 1,600 ఏండ్లు. అందుకే 1950ల నాటి పాత మెరుపు డయల్‌ను గోరుతోటి గీకకు, ఊదకు, అన్నం తినే బల్ల మీద విప్పకు.

రంగు తిరిగి గోధుమగ మారిన నల్ల డయళ్లను కొందరు కలెక్టర్లు ఎక్కువ పెట్టి కొంటరు. అందుకని వేడిచేసి అట్ల మార్చేటోళ్లు కూడ ఉన్నరు. ఎండకు మారినది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, ముళ్లు ఎక్కువకాలం ఆగి ఉన్న దగ్గర నీడ పడ్డట్టు ఉంటది. పొయ్యి మీద మారినది ఒక్కతీరుగ ఉంటది.

ఇంట్లో నువ్వు వెతకాల్సింది ఒకటున్నది. మీ తాత షష్టిపూర్తి ఫొటోనో, మీ మేనత్త పెండ్లి ఫొటోనో దొరుకుతదేమో చూడు, చెయ్యి కనబడేది. బ్లాక్ అండ్ వైట్ అయినా ఫర్వాలేదు. డయల్ లేత రంగా ముదురా, ముళ్లు సన్నవా వెడల్పా, చైనా తోలు బెల్టా అనేది తెలుస్తది. దుకాణం రసీదు కంటే ఇట్లాంటి ఫొటోకే నేను ఎక్కువ విలువిస్త, రసీదు కాగితం ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

కథల సంగతి వచ్చింది కాబట్టి. హైదరాబాద్‌లో పాత వాచీ అమ్మే ప్రతి ఇద్దరిలో ఒకరు "నిజాం ఇచ్చింది" అంటరు. గద్వాల, వనపర్తి దిక్కు పోతే "సంస్థానం వాచీ" అంటరు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలింది 1911 నుంచి 1948 దాకా. వీళ్లు చెప్పేన్ని వాచీలు నిజంగనే ఇచ్చి ఉంటే కింగ్ కోఠిలో ఆయన వేరే పని చెయ్యకుండ పొద్దస్తమానం వాచీలే పంచుకుంట కూసోవాలె. ఒకాయన నాకు "నిజాం దర్బారులో బహూకరించిన కాన్‌స్టెలేషన్" అని చూపించిండు. కాన్‌స్టెలేషన్ పుట్టిందే 1952లో. దర్బారు ముగిసిన నాలుగేండ్లకు. కథ విను, చాయ్ తాగు, కానీ పైసలు వాచీకే ఇయ్యి, కథకు ఇయ్యకు. నిజంగ పాత ఇండ్లలో దొరికేవి ఎక్కువగ వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీవి. సోవార్ లాంటివి మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచే ఇండియన్ సిపాయిల చేతికి ఉన్నయ్. అవి అంత ఖరీదైనవి కాకున్నా వాటి కథలు చాలావరకు నిజం.

ఇగ రోలెక్స్. ఆ అమ్మకం ప్రకటనలో "హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్, ఫ్రెష్ సర్వీస్, న్యూ డయల్" అని ఒకే వరుసలో రాసిండు. నాకైతే నవ్వొచ్చింది. 6694 అనే ఆ మోడల్ చేతితో కీ ఇచ్చేది, 34 మిల్లీమీటర్లది, 1950ల చివర నుంచి ఏండ్ల తరబడి చేసిన్రు, మన దేశంలో మస్తు దొరుకుతది. లోపల 1215, ఆ తర్వాత 1225 మిషన్లు వస్తయ్. నీలం డయళ్లు అసలు లేవని అనను. కానీ ఆ ఫొటోలో నిమిషాల గీతలు గుర్తులకు ఎదురుగ లేవు, రెండు దగ్గర్ల పక్కకు జరిగినయ్. రోలెక్స్ ఫ్యాక్టరీ నుంచి అట్ల రాదు.

ఆయనను నాలుగు ఫొటోలు అడుగు. బెల్టు పీకి, కొమ్ముల మధ్యలో పన్నెండు దిక్కున రెఫరెన్స్ నంబర్, ఆరు దిక్కున సీరియల్ నంబర్ కనబడేటట్టు ఒక్కొక్కటి. మూత లోపలిది ఒకటి, అక్కడ రోలెక్స్ పేరు, రెఫరెన్స్ ఉండాలె, ఆ కాలానివి చాలావాటిలో సంవత్సరాన్ని, అందులో ఏ మూడు నెలలో కూడ రోమన్ అంకెతోటి కొట్టి ఉంటది. మిషన్‌ది ఒకటి. కొమ్ముల మధ్య నంబర్ అసలైతే గీతలు లోతుగ, తేటగ, వెలుగు పడితే మెరిసేటట్టు ఉంటయ్. చైన్ రాపిడికి కొంత అరిగినా మంచిదే. ఇసుక చల్లినట్టు చుక్కచుక్కలుగ ఉంటే యాసిడ్‌తోటో లేజర్‌తోటో తర్వాత చెక్కింది. కొమ్ములు అరిగి నంబర్ మాత్రం నిన్న కొట్టినట్టు ఉంటే కూడ నమ్మకు. ఇంకోటి, ఆ కాలం ఆయిస్టర్ మూత బయట మామూలుగ ఏ బొమ్మా ఉండదు, నున్నగ ఉంటది. మూత మీద పెద్ద కిరీటం చెక్కి ఉంటేనో, లోపలి మిషన్ కనబడేటట్టు అద్దం మూత ఉంటేనో ఇగ ఫోన్ పక్కన పెట్టెయ్. ఈ ఫొటోలు అడిగినంక "మీరు నమ్మకుంటే వేరేటోళ్లు కొంటరు" అంటే, సరే కొననియ్యి.

కాగితాలున్నయ్, కంపెనీ సర్టిఫికెట్ ఉన్నది అంటే కూడ కండ్లు మూసుకోకు. 2021 నవంబర్‌లో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో 1950ల నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్, రెఫరెన్స్ 2915-1, 31 లక్షల స్విస్ ఫ్రాంకుల పైన పలికింది. కొన్నది ఎవరనుకున్నవ్, ఒమేగా సొంత మ్యూజియం కోసమే. 2023లో ఒమేగానే బయటపెట్టింది, అది వేర్వేరు ముక్కలు కలిపి చేసిన వాచీ అని, అందులో తమ దగ్గర పనిచేసిన కొందరి చెయ్యి ఉన్నదని. చేసిన కంపెనీనే బోల్తా కొట్టింది. అట్లని కంపెనీ రికార్డులు పనికిరావని కాదు. లాంజీన్స్ అనే స్విస్ కంపెనీ సెయింట్ ఇమియే ఊర్లో పాత రిజిస్టర్లు దాచుకున్నది, నంబర్ పంపితే ఆ వాచీ ఎప్పుడు, ఏ ఏజెంటుకు పోయిందో చెప్తది, నా లెక్కలో అది చాలా పనికొచ్చే సంగతి. కాకపోతే ఆ రికార్డు ఆ నంబర్ గురించి చెప్తది, నీ చేతిలో ఉన్న డయల్ గురించి కాదు.

"మొదలుపెట్టాలంటే ఏం కొనాలె" అని కూడ చివర్లో అడిగినవ్. రోలెక్స్ పక్కన పెట్టి ముందు కన్ను పదును పెట్టుకో. హెచ్‌ఎంటీలు కొను. 1961లో సిటిజన్ సాయంతోటి బెంగళూరులో మొదలైన ఆ వాచీలు ప్రతి ఊర్లో ఉన్నయ్, తప్పు చేసినా జేబు కాలదు. జనతా ఒకటి, పైలట్ ఒకటి తెచ్చుకుని అసలు డయల్ అచ్చు ఎట్లుంటదో భూతద్దంలో చూడు. పైలట్ అసలుది నల్లగ, నిరాడంబరంగ ఉంటది. నారింజ, పచ్చ రంగుల్లో, మిలిటరీ ముద్రలు కొట్టి ఆన్‌లైన్‌లో వచ్చేవి దాదాపు అన్నీ రంగేసినవే. ఆ తర్వాత ఫావ్రె-ల్యూబా. 1737 నాటి కంపెనీ, బొంబాయి ద్వారా మన దేశంలో మస్తుగ అమ్మింది, సీ చీఫ్, సీ కింగ్ అని మన దగ్గర చాలా ఇండ్లలో ఉంటయ్. వాటికి రంగేసినన్ని డయళ్లు ఇంక దేనికీ వెయ్యలేదేమో అనిపిస్తది, కాబట్టి నేర్చుకునెతందుకు అంత మంచి బడి లేదు.

భివండి మగ్గాల మీదికి పోయిన మన పద్మశాలోళ్లు, దుబాయ్ పోయినోళ్లు తెచ్చిన సీకోలు, రాడోలు కూడ తక్కువేం కాదు. సీకో వెనక నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, అక్టోబర్‌కు సున్నా, నవంబర్‌కు ఎన్, డిసెంబర్‌కు డి. డయల్ కింది అంచున సన్నగ రాసిన కోడ్ మొదట్లో ఉన్న కాలిబర్ అంకెలు, మూత మీది కాలిబర్ అంకెలు ఒకటే ఉండాలె. పాత ఆటోమేటిక్ రాడో డయల్ మీది లంగరు గుర్తు వాచీని కదిలిస్తే తిరుగుతది. డయల్‌కు అంటుకుని కదలకపోతే అనుమానమే.

ఇప్పుడు మీ తాత వాచీకి ఏం చెయ్యాలె. అమ్మాలనే తొందర లేకపోతే అమ్మకు. ఆ వ్యాపారి అడిగిన ధర డయల్ మార్చిన వాచీ ధర కూడ కాదు, ముక్కల ధర. 168.005 కేసు, 561 మిషన్ ఒకదానితోటి ఒకటి ఉన్నదే పెద్ద ఆస్తి. డయల్‌ను "ఇంకా మంచిగ" మళ్లా రంగేయిస్త అని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకు, రెండోసారి వేసిన రంగుతోటి అసలుదనం తిరిగిరాదు. అదే రెఫరెన్స్‌కు సరిపోయే అసలు డయల్, మచ్చలున్నా సరే, ఎప్పుడన్నా దొరికితే కొను. ఇప్పుడున్నదాన్ని పారెయ్యకుండ వాచీతోటే పెట్టుకో, మీ ఇంటి చరిత్రలో అదీ ఒక భాగమే. క్రౌన్ కూడ మారినట్టున్నది. ఆ కాలం కాన్‌స్టెలేషన్లు చాలావాటికి పది పలకల క్రౌన్ ఉంటది, నీది గుండ్రంగ ఉన్నది. అది దొరికే వస్తువే, తొందరలేదు.

ఏండ్ల నుంచి సర్వీసింగ్ లేకుండ బీరువాలో పడున్న వాచీని ఊపి ఊపి నడిపించకు, ఎండిన నూనెతోటి చక్రాల పండ్లు అరుగుతయ్. ఆటోమేటిక్ మిషన్లు తెలిసిన మనిషికే ఇయ్యి, ఇచ్చేటప్పుడు మిషన్ నంబర్, కాలిబర్ కనబడేటట్టు ఫొటో తీసి ఆయన ముందే చూపించు. మిషన్ శుభ్రం చేసి నూనె వెయ్యి, కేసు ముట్టకు, డయల్ ముట్టకు, మార్చిన ప్రతి ముక్క చిన్న కవర్లో వేసి నాకే తిరిగి ఇయ్యి అని చెప్పు. ఆయన "పాలిష్ ఫ్రీగ చేసిస్త" అంటే ఇంకోసారి గట్టిగ చెప్పు.